నచ్చనివారు వేదిక ఎక్కవలెను

"కత్తి పట్టుకుని కోటయ్య పాట పాడుతుంటే, అవతల చచ్చేవాడు ఏం చెయ్యాలి? తాళం వెయ్యాలా?"

కొల్లిపర చక్రధరం కొంప ముంచింది ఈ ఒక్క ప్రశ్నే.

అడిగింది అసెంబ్లీలో కాదు, పేపర్లో కాదు. తెనాలి మార్కెట్ వెనక, మస్తాన్ టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, టీ ఊదుకుంటూ అడిగాడు. ఆ కొట్టు పక్కనే చక్రధరానికి కళ్లజోళ్ల షాపు ఉంది. అద్దాలు అమ్మడం అతని వృత్తి. సినిమాల మీద తీర్పు చెప్పడం అతని బతుకు. శుక్రవారం మార్నింగ్ షో చూసొచ్చి అతను బెంచీ మీద కూర్చున్నాడంటే, మ్యాట్నీకి బయల్దేరినవాళ్లు ముందు అతని మొహం చూసి, ఆ తర్వాతే థియేటర్ వైపు నడవాలో ఇంటివైపు తిరగాలో తేల్చుకునేవారు.

ఆ రోజు కూడా వరసపెట్టి తీర్పులిచ్చాడు. మొన్నటి దెయ్యం సినిమాలో ఉన్నవాళ్లందరిలోకీ దెయ్యమే బుద్ధిమంతురాలన్నాడు. నిన్నటి ప్రేమకథలో ఫస్టాఫ్ పర్లేదు గానీ, ఇంటర్వెల్ తర్వాత ఆ పిల్లా పిల్లాడూ ఎందుకు విడిపోయారో వాళ్లకే తెలిసినట్టు లేదన్నాడు. కొత్త పోలీసు సినిమాలో హీరో కంటే జీపు బాగా నటించిందన్నాడు.

అప్పుడు మస్తాన్ ఎదురుగోడ మీది పోస్టరు చూపించాడు. "కత్తుల కోటయ్య - మహా సంగీత రూపకం" అని అందులో రాసి ఉంది. కిందటేడు రాష్ట్రాన్ని ఊపేసిన సినిమా అది. కోటయ్య మాట్లాడింది తక్కువ, నరికింది ఎక్కువ. ఆ సినిమానే ఇప్పుడు పాటల నాటకంగా మార్చి, సర్కారువారు ఊరూరా ఆడించబోతున్నారు. తొలి ప్రదర్శన తెనాలిలోనే.

"ప్రతి నరుకుడికీ ఒక పాటంట అన్నా," అన్నాడు మస్తాన్. "హీరోగా ఎవరో పెద్ద గాయకుడంట. ఎట్టా ఉంటదంటావు?"

అదిగో, అప్పుడే చక్రధరం ఆ ప్రశ్న వేశాడు. వేసి ఊరుకున్నా బాగుండేది.

"ఆ మాత్రానికి గాయకుడెందుకురా? నేను పాడినా అంతకంటే బాగుంటది," అన్నాడు.

బెంచీ చివర మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్న మనిషి పేపరు మడిచాడు. లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"సదరు అభిప్రాయము నమోదైనది," అన్నాడు.

మస్తాన్ పాలగిన్నె మీద మూత పెట్టేశాడు. ఆ మనిషి ఇన్‌స్పెక్టర్ లీలాప్రసాద్. అభిప్రాయ జవాబుదారీ సంస్థలో పని.

* * *

ఆ సంస్థ పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. సర్కారులో ఒక పెద్దాయన కొడుకు సినిమా తీశాడు. ఆ సినిమా ఇంటర్వెల్‌కే ఇల్లు చేరింది. కారణాలు కనుక్కోమని ఒక సంఘాన్ని వేశారు. సంఘం రాష్ట్రమంతా తిరిగి, కథలో లోపం లేదు, నటనలో లోపం లేదు, లోపమంతా టీ కొట్లలో ఉందని తేల్చింది. పనీపాటా లేనివాడు ఒక మాట అనేసి దులుపుకుని పోతున్నాడు, ఆ మాటకి బాధ్యత ఎవరిది? కాబట్టి ఇకనుంచి సినిమా మీదగానీ నాటకం మీదగానీ నోరు తెరిచినవాడు, అన్న మాటని అక్కడికక్కడే చేసి నిరూపించాలి. ఇదీ కొత్త నిబంధన.

అది వచ్చిన వారానికే ఊరు మారిపోయింది. "ఆ ఫైటు నేనైనా చేస్తా" అన్న కూరగాయల వ్యాపారిని క్రేనుకి కట్టి మార్కెట్ మీద తిప్పారు. "ఆ హీరోయిన్ కంటే మా పిన్ని కూతురు నయం" అని ఒకావిడ అంటే, ఆవకాయ కలుపుతున్న పిన్ని కూతుర్ని కారం చేతులతోనే జీపెక్కించి షూటింగ్‌కి తీసుకెళ్లారు. "సినిమా చూస్తే నిద్రొచ్చింది" అన్న బడి మాస్టారిని మళ్లీ అదే సినిమాకి కూర్చోబెట్టి, అటొక అధికారి ఇటొక అధికారి కూర్చుని, నిద్ర వస్తుందా రాదా అని ఆయన కనురెప్పలకేసి చూస్తూ ఉండిపోయారు. భయంతో మాస్టారికి నిద్ర పట్టలేదు. నిరూపణలో తప్పాడు. ఆయనకి నోటి నిషేధం పడింది.

నోటి నిషేధం అంటే జైలు కాదు, జరిమానా కాదు. బతికినంత కాలం దేనిమీదా అభిప్రాయం చెప్పకూడదు, అంతే.

దాంతో జనం తెలివి మీరారు. సినిమా ఎలా ఉందంటే "ఉంది" అనడం మొదలెట్టారు. సంస్థ మూతివిరుపుల మీద కూడా నిబంధన తెచ్చింది. ఊళ్లో అంత జరుగుతున్నా నోరు ఆపుకోలేనివాడు ఒక్క చక్రధరమే.

* * *

విచారణ గుంటూరు ఆఫీసులో జరిగింది. కమిషనర్ పరాంకుశం గారు ఎత్తు కుర్చీలో ఉన్నారు. ఆయన మాట్లాడితే నిబంధన చదువుతున్నట్టుంటుంది, నిబంధన చదివితే మంత్రం చదువుతున్నట్టుంటుంది.

"చక్రధరం గారూ, మా సంస్థను ప్రజలు అపార్థము చేసుకొనుచున్నారు. మేము ఎవరి నోరూ మూయించము. తెరిచిన నోటిని మాత్రం మధ్యలో మూయనివ్వము. మీరు పాడెదనంటిరి. పాడుడు."

"అయ్యా, టీ కొట్టు దగ్గర ఏదో మాటవరసకి…"

"మాటవరస అనునది నిబంధనలలో లేదు. పైగా మీరు చూచిన దాని గురించి గాక, ఇంకనూ రాబోవు దాని గురించి పలికితిరి. ఇది ముందస్తు అభిప్రాయము. కడు తీవ్రమైనది. వచ్చే ఆదివారము మ్యాట్నీకి కోటయ్య పాత్ర మీరే ధరించవలెను. ముందున్న గాయకుని కంటే బాగుగా పాడినట్లు తేలినచో సరి. లేనిచో నోటి నిషేధము. అంతవరకు తాత్కాలిక నిషేధము అమలులో నుండును."

చక్రధరం దండం పెట్టాడు. "అయ్యా, నాకు శ్రుతి ఎక్కడుంటదో కూడా తెలీదండి."

"నిరూపణలో అదియును తెలియగలదు."

బయటికి రాగానే వరండాలో ఒక లావుపాటి మనిషి చక్రధరం కాళ్ల మీద పడిపోయాడు. కోటయ్య వేషం వేయాల్సిన అసలు గాయకుడు అతనే. "మీరు దేవుడండీ! ఆ నరుకుడు పాటలు పాడలేక, నచ్చలేదని చెప్పలేక చచ్చిపోతున్నా. నచ్చలేదంటే నన్నే రాయమంటారు," అని, కోటయ్య మీసాలూ కత్తీ చక్రధరం చేతిలో పెట్టి, అటు వెళ్తున్న బస్సు ఏ ఊరిదో చూడకుండా ఎక్కేశాడు.

* * *

తాత్కాలిక నిషేధం ఎలా ఉంటుందో చక్రధరానికి షాపు తెరవగానే తెలిసింది. ఒకామె వచ్చి ఫ్రేము పెట్టుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "బాగుందా అన్నయ్యా?" అంది. చక్రధరం నోరు తెరవబోయాడు. ఎదురుగా లీలాప్రసాద్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చక్రధరం నోరు మూసుకున్నాడు. ఆమె ఇంకో ఫ్రేము పెట్టుకుంది. "పోనీ ఇదో?" చక్రధరం సీలింగు ఫ్యానుకేసి చూశాడు. "అంత అసయ్యంగా ఉన్నానా?" అని ఆమె ఫ్రేము బల్లమీద పడేసి పోయింది.

తర్వాత ఒక పెద్దాయనకి కళ్లు పరీక్ష చెయ్యాల్సి వచ్చింది. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ఇందాక బాగుందా ఇప్పుడు బాగుందా అని అడగాలి. ఆ ప్రశ్న అడగడమంటే అవతలివాడిని అభిప్రాయానికి పురికొల్పడమేనని లీలాప్రసాద్ వివరించాడు. "అడగకుండా కానివ్వండి," అన్నాడు. చక్రధరం తోచిన అద్దం బిగించి పంపించాడు. పెద్దాయన షాపు మెట్లు దిగి, తిన్నగా ఎదురింట్లోకి తన ఇల్లే అనుకుని వెళ్లిపోయాడు.

భోజనానికి ఇంటికెళ్తే ఇంకో గండం. భార్య హైమావతి వంకాయ కూర వడ్డించి, "ఉప్పు సరిపోయిందా ఏవండీ?" అంది. చక్రధరం ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"ఏంటి, మాట్లాడరేం?"

"ఉంది," అన్నాడు.

"ఉందంటే? ఎక్కువైందా తక్కువైందా?"

"ఉప్పు ఉంది. కూర ఉంది. నేనున్నాను."

హైమావతి కంచం పక్కన కూలబడింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మనిషి నోటికి దడిసి ఆమె కూర రెండుసార్లు రుచి చూసి గానీ దించలేదు. ఇప్పుడు ఆ నోరు పోతే ఇంట్లో మనిషి ఉన్నట్టా లేనట్టా? "ఆదివారం ఎట్టాగొట్టా పాడేయండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "మీకు దండం పెడతాను. మీరు జీవితాంతం ఇట్టా ఉంటే నేను బతకలేను."

చక్రధరానికీ అదే భయం పట్టుకుంది. షాపు పోతుందని ఒక భయం. అంతకంటే పెద్ద భయం, వచ్చే శుక్రవారం, ఆ పై శుక్రవారం, అట్లా చచ్చేదాకా ప్రతి శుక్రవారం, సినిమా చూసొచ్చి బెంచీ మీద బొమ్మలా కూర్చోవాలి. అంతకంటే ఆ క్రేనుకి వేలాడటం నయమనిపించింది.

* * *

రిహార్సల్స్ కళాకేంద్రంలో మొదలయ్యాయి. హార్మోనియం మాస్టారు చక్రధరం పాట విన్నాడు. విని, మొహంలో ఏమీ కనబడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.

"మాస్టారూ, తప్పు పోయిందాండీ?"

మాస్టారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తప్పని నేనంటే నన్ను వేషం కట్టమంటారు నాయనా. నాకు మోకాళ్ల నొప్పులు," అన్నాడు.

ఇది ఒక్క మాస్టారి గోడు కాదు. మొత్తం నాటకం అట్లాగే తయారైంది. డాన్సు మాస్టరు కళ్లముందే చక్రధరం జనం కూర్చునేవైపు వీపు పెట్టి నిలబడ్డాడు. తిరగమంటే అది అభిప్రాయం. మాస్టరు తల గోక్కుని పోయాడు. విలన్ వేషగాడు చివర్లో చావాల్సింది మొదటి రంగంలోనే చచ్చాడు. ఎవరూ లేపలేదు. మిగతా నాటకమంతా అతన్ని దాటుకుంటూ ఆడారు. కోటగోడ తలకిందులుగా నిలబెట్టారు. చూసినవాళ్లందరూ మెడ వంచి చూసి, మెడ నిటారుగా పెట్టుకుని వెళ్లారు. కమిషనర్ గారు పరిశీలనకి వచ్చి, "ఏ ఒక్కరి నుండియు ఆక్షేపణ లేదు. ఇంతటి లోపరహితమైన రూపకమును నా సర్వీసులో చూడలేదు," అని సంతోషించారు.

కోటయ్య పాడాల్సిన ముఖ్యమైన పాట పల్లవి ఇదీ:

"నరకనా, నరకనా, నరికి నీకు చెప్పనా…"

ఆదివారం వచ్చేదాకా చక్రధరం దీన్ని బావిగట్టు దగ్గరా, షాపులోనూ, నిద్రలోనూ పాడాడు. పక్కింటివాళ్లు సామాను సర్దుకుని చుట్టాలింటికి పోయారు. ఎందుకు పోతున్నారో చెప్పలేదు. చెబితే అది అభిప్రాయం.

* * *

ఆదివారం మ్యాట్నీకి కళాకేంద్రం కిటకిటలాడింది. జనం ఇష్టపడి రాలేదు. రాకపోవడం కూడా ఒక అభిప్రాయమేనని ముందురోజే దండోరా వేయించారు. ముందు వరసలో హైమావతి, మస్తాన్. మధ్యలో పెద్ద సోఫాలో కమిషనర్ గారు. లీలాప్రసాద్ నడవాలో తిరుగుతూ మొహాలు పరీక్షిస్తున్నాడు.

తెర లేచింది. విలన్ చచ్చిపోయి ఉన్నాడు. కోటయ్య ప్రవేశించాడు. మీసం ఒక పక్క జారింది. కత్తి ఎత్తాడు. నోరు తెరిచాడు.

ఆ తర్వాత జరిగిన దాన్ని పాట అని పిలవాలంటే పిలిచేవాడికి గుండె ధైర్యం ఉండాలి. "నరకనా" అన్న మొదటి మాట ఒక చోట ఎత్తుకుంటే, రెండోది ఇంకెక్కడో దిగింది, మూడోది దిగలేదు. హార్మోనియం మాస్టారు వెతికి వెతికి వదిలేశాడు. నరకబడాల్సినవాళ్లు కత్తి తగలక ముందే ఇష్టపూర్వకంగా పడిపోయారు. హాల్లో మాత్రం చిన్న శబ్దం లేదు. దగ్గొచ్చినవాడు పైకండువా నోట్లో కుక్కుకున్నాడు. నవ్వొచ్చినవాళ్లు తొడలు గిల్లుకున్నారు. మస్తాన్ కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. అవి దేనికో ఎవరూ అడగలేదు.

రెండున్నర గంటల తర్వాత తెర పడింది. చప్పట్లు లేవు, ఈలలు లేవు.

కమిషనర్ గారు వేదిక ఎక్కి మైకు పట్టుకున్నారు. "సభలో ఎవరికైనను ఆక్షేపణ కలదా? నచ్చనివారు వేదిక ఎక్కవలెను, కోటయ్య పాత్ర ధరించి తమ మాట నిరూపించుకొనవలెను."

ఒక్క చెయ్యి లేవలేదు.

"ఆక్షేపణ లేనందున, కొల్లిపర చక్రధరం గారి అభిప్రాయము సంపూర్ణముగా నిరూపితమైనది! నేటి నుండి రాష్ట్రములో నిరూపిత అభిప్రాయము గల ఏకైక పౌరుడు వీరే. వీరు దేని గురించియైనను, ఎప్పుడైనను, ఎక్కడైనను స్వేచ్ఛగా పలుకవచ్చును."

శాలువా కప్పారు. హైమావతి చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. మస్తాన్ కూర్చున్నచోటే గాల్లోకి గుద్దాడు. షాపు నిలిచింది. శుక్రవారాలు నిలిచాయి. నోరు నిలిచింది.

"ఇక మీ నోటితోనే సెలవీయండి," అని కమిషనర్ గారు మైకు అందించారు. "మన రూపకము ఎట్లున్నది?"

ఒక్క మాట అంటే చాలు. అద్భుతం. అని ఇంటికి పోవచ్చు. చక్రధరం ఆ మాటకోసం నోరు తెరిచాడు కూడా.

సరిగ్గా అప్పుడే అతని చూపు హాలు తలుపుల మీద పడింది. తర్వాతి ఆటకి వచ్చినవాళ్లు తలుపు సందుల్లోంచి తొంగి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నది వేదికని కాదు, అతని మొహాన్ని. లోపలికి పోవచ్చా, ఇంటికి తిరగాలా అన్న చూపు అది. ఆ చూపుని చక్రధరం జీవితంలో ఎన్నడూ మోసం చెయ్యలేదు. స్వంత బావమరిది థియేటర్లో ఆడిన సినిమాని కూడా బాలేదనే చెప్పినవాడు.

"దరిద్రంగా ఉందండి," అన్నాడు మైకులో.

మైకు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"కథ లేదు. పాట లేదు. గోడ తలకిందులుగా ఉంది. అన్నిటికంటే హీరో దండగ. వాడికి పాడటం రాదు, నిలబడటం రాదు. తలుపు దగ్గరున్నోళ్లు అటునుంచి అటే ఇళ్లకి పొండి."

కమిషనర్ గారి మొహం నల్లబడింది. "చక్రధరం గారూ! మీ గానము బాగున్నదని నిరూపితమైనది. బాగులేదని మీరే పలికినచో మొదటి నిరూపణ రద్దగును! నోటి నిషేధము పడును!"

"పడితే పడనీండి. నేను పాడింది నేను విన్నానండి."

లీలాప్రసాద్ వేదిక వైపు కదిలాడు. ఆ లోపే ముందు వరసలో హైమావతి లేచి నిలబడింది.

"ఆయన అబద్ధం చెప్పలేదు," అంది గట్టిగా. "ఆయన స్నానాల గదిలో కూనిరాగం తీస్తేనే నేను టీవీ సౌండు పెంచుతా. ఇదొక పాటా? ఆ పోపు వేసే మూకుడు మోగినా ఇంతకంటే బాగుంటది."

"నచ్చనివారు వేదిక ఎక్కవలెను!" అన్నారు కమిషనర్ గారు, నిబంధన ప్రకారం.

"ఎక్కుతా. ఎక్కితే ఏంటంట? ఆయన పక్కనే నిలబడతా." హైమావతి కొంగు దోపుకుని మెట్లెక్కేసింది.

"నాకూ నచ్చలా!" అన్నాడు మస్తాన్. "పొద్దున్నే పాలవాడి బెల్లు వినబుద్ధవుద్ది గానీ ఇది కాదన్నా!" అతనూ ఎక్కాడు.

అంతే. కట్ట తెగింది. "మాకూ నచ్చలా!" అని ఒక వరస లేచింది. కారం చేతుల పిన్ని కూతురు, కూరగాయల వ్యాపారి, ఎదురింట్లోకి వెళ్లిపోయిన పెద్దాయన, అందరూ ఎక్కారు. నోటి నిషేధంలో ఉన్న బడి మాస్టారు "నాకప్పుడు నిజంగానే నిద్రొచ్చింది!" అని అరుచుకుంటూ ఎక్కాడు. వీళ్లని చూసి తర్వాతి ఆట జనం తలుపులు తోసుకుని లోపలికొచ్చి, చూడని నాటకం తమకీ నచ్చలేదని చెప్పి ఎక్కారు. అది ముందస్తు అభిప్రాయమని ఎవరూ గుర్తు చెయ్యలేదు. గుర్తు చెయ్యాల్సిన లీలాప్రసాద్ నడవాలో ఒక్కడే నిలబడి, టోపీ తీసి, "సార్, నాకైతే సెకండాఫ్ అసలు నచ్చలేదు సార్," అని మెట్లవైపు నడిచాడు. చచ్చిపోయిన విలన్ కూడా లేచి కూర్చుని, తనకి మొదట్నుంచీ నచ్చలేదన్నాడు.

తొక్కిడిలో కమిషనర్ గారు ఎప్పుడు కిందికి జారారో ఆయనకే తెలీదు. చూసుకునేసరికి సోఫాలో ఉన్నారు. హాల్లో ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు. ఊరు ఊరంతా వేదిక మీదుంది.

నిబంధన నిబంధనే. నిరూపణ మొదలు పెట్టాల్సిందే. ఆయన చెయ్యి ఊపారు. హార్మోనియం మాస్టారు పెట్టె అందుకున్నాడు. తెనాలి మొత్తం ఒక్కసారిగా "నరకనా!" అంది. పైకప్పు మీద పావురాలు లేచి గుంటూరు దిక్కుగా పోయాయి.

పాట పూర్తయింది. వేదిక మీదున్నవాళ్లంతా ఒకే చూపుతో కిందికి చూశారు. ప్రేక్షకుల ఆక్షేపణ తెలుసుకోనిదే నిరూపణ పూర్తి కాదు. ప్రేక్షకులంటే ఇప్పుడు ఒక్కరే.

కమిషనర్ గారు చెమట తుడుచుకున్నారు. సర్వీసులో తొలిసారి, వ్యాకరణం పక్కన పెట్టి, మామూలు మనిషిలా అన్నారు. "కొంచెం… లెంగ్త్ ఎక్కువైనట్టుంది కదూ?"

వేదిక మీద ఎవరూ నవ్వలేదు. అందరూ కాస్త కాస్త జరిగి, చివరి వరసలో, చక్రధరం పక్కన ఒక మనిషి పట్టేంత చోటు చేశారు.

ఆయన మెట్లెక్కి వచ్చి నిలబడ్డారు. కోటు గుండీలు పెట్టుకున్నారు. హార్మోనియం మాస్టారు మళ్లీ ఎత్తుకున్నాడు. కమిషనర్ గారు కళ్లు మూసుకుని, గొంతెత్తి పాడారు.

చక్రధరం రెండు చరణాలు ఓపిక పట్టాడు. ఇంక ఆగలేక ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"సార్, ఏమీ అనుకోకండి. మీది ఘోరంగా ఉంది."

కమిషనర్ గారు కళ్లు తెరిచారు. హాలంతా కలయజూశారు. రాసుకోవడానికి కింద ఎవరూ లేరు.

"నీదీ అంతేనయ్యా," అన్నారు హాయిగా.